గట్టు కింద బొగ్గులు

గట్టు తగువొస్తే మా ఊళ్ళో ఎవరూ స్టేషనుకి వెళ్ళేవారు కాదు. మా నాన్న దగ్గరికి వచ్చేవారు. నాన్న పేరు జగన్నాధం. మాట తక్కువ మనిషి. నాకూ అదే వచ్చింది. తగువుపడ్డ ఇద్దరూ ఎంత అరుచుకున్నా చుట్ట ఆరేదాకా వినేవాడు. తర్వాత లేచి, తుండు దులుపుకుని, "గునపం తేండి" అనేవాడు.

మా వైపు పొలం పంచుకున్నప్పుడు హద్దురాయి కింద బొగ్గులు వేస్తారు. రెండిళ్ళ పొయ్యిల్లోంచీ తెచ్చి, రెండిళ్ళ పెద్దలూ తమ చేతుల్తో గోతిలో వేస్తే, ఆ పైన రాయి పాతుతారు. రాయిని ఎవడైనా జరపగలడు. బొగ్గులు జరపాలని ఎవడికీ తోచదు. మట్టిలో బొగ్గు కుళ్ళదు, చెదపట్టదు. అనుమానమొచ్చినవాడు "తవ్వండి" అంటే రెండోవాడు కాదనకూడదు. ఈ కట్టుబాటు తాతలనాటిదే అయినా, దాన్ని ఇన్నాళ్ళూ నిలబెట్టింది నాన్న. బొగ్గులు బయటపడగానే గుప్పెడు తీసి ఓడినవాడి చేతిలో పెట్టేవాడు. "రాయికి కాళ్ళుంటాయి. బొగ్గుకుండవు" అనేవాడు. అక్కడితో తగువు తీరిపోయేది.

రీసర్వే వచ్చిన ఆ వేసవి నాన్నకి తీరిక లేకపోయింది. డ్రోను ఎగురుతుందనీ, ఈలోగా ఎవరి గట్టు మీద వాళ్ళు సున్నం గీత వేసుకోవాలనీ, పైనుంచి తీసిన ఫొటోలో ఆ తెల్లగీతలే హద్దులవుతాయనీ ఊళ్ళో చాటింపు వేయించారు. ఆ హద్దుల ప్రకారం కొత్త నంబర్లు వస్తాయి, కొత్త రాళ్ళు పాతుతారు, ఇక మార్చడం ఉండదు. ఆ మాటతో, ఎప్పుడో చల్లారిన గొడవలన్నీ లేచి కూర్చున్నాయి. నాన్న పొద్దున్నే బయల్దేరితే ఏ పొలంలో ఉన్నాడో కబురు పెట్టి తెలుసుకోవలసి వచ్చేది. అన్నానికి ఇంటికొస్తే గోళ్ళ సందుల్లో సున్నం, మట్టి.

సోములు బావకీ పక్కపొలం వాళ్ళకీ తగువు తెగిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. తవ్వితే బొగ్గులు సోములు బావ గట్టుకి ఇవతల, అతని పొలంలోనే బయటపడ్డాయి. నాన్న గుప్పెడు తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"మావా, వీటితో ఇప్పుడేటి సెయ్యమంటావు? పళ్ళు తోముకోనా?" అన్నాడు సోములు బావ.

"తోముకో. ఇన్నాళ్ళూ అబద్దమాడిన నోరు గదా, తెల్లగవుతాది," అన్నాడు నాన్న.

గట్టు మీదున్నవాళ్ళందరూ నవ్వారు. ఓడిన సోములు బావే అందరికంటే ఎక్కువ నవ్వాడు. మా నాన్న చేతిలో ఓడిపోవడం ఎవరికీ నామోషీగా ఉండేది కాదు. ఆ రోజు గునపం భుజాన వేసుకుని ఆయన వెనక నడిచొస్తుంటే నా ఛాతీ కాస్త ముందుకొచ్చే ఉంటుంది.

మా పొలానికి సున్నం వేయడం చివరికి పెట్టుకున్నాం.

నాకున్నది ఒక్కడే చిన్నాన్న. నాన్నతో పొలం పంచుకున్న కొన్నేళ్ళకి పోయాడు. పిన్ని నీలవేణి పసిపిల్లని ఎత్తుకుని కళింగపట్నం పక్కనున్న పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆమె లేనన్నాళ్ళూ ఆమె వాటా పొలం చెక్క కూడా మేమే చేశాం. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని నాన్న మధ్య గట్టు కొట్టేసి రెండూ ఒకటిగా దున్నించాడు. పిన్ని తిరిగొచ్చాక మళ్ళీ గట్టు వేసి, రాయి పాతి, ఆమె చెక్క ఆమెకి అప్పగించాడు. నేనప్పుడు కొత్తవలసలో లారీ మీద క్లీనరుని. ఊరినుంచి వచ్చినవాళ్ళు చెప్పారు: "మీ నాన్న మనిషిరా. ఇంకోడైతే మింగీసీవోడు." ఆ మాట చాలా రోజులు నాకు తోడుగా ఉంది.

తమ్ముడి భార్య కదా, నాన్న పిన్నితో నేరుగా మాట్లాడడు. పక్కన ఎవరుంటే వాళ్ళతో చెప్పినట్టు చెబుతాడు. పిన్ని కూడా అంతే. సున్నం వేసే రోజు ఆ పక్కనున్నది నేను.

నాన్న ముందు నడుస్తూ తాడు లాగుతుంటే, వెనక నేను సున్నం పోస్తున్నాను. పిన్ని అంబలి డబ్బా కింద పెట్టి, కొంగు నెత్తిమీదికి లాక్కుని నిలబడింది. ఆమె మమ్మల్ని చూడడం లేదు. మా చెక్కలో, గట్టుకి బాగా ఎడంగా ఉన్న తాటిచెట్టుని చూస్తోంది.

"సినబాబూ," అంది. "మీ సిన్నాన్న గట్టు మీద కూకుని అంబలి తాగుతుంటే ఆ సెట్టు నీడ నెత్తిమీద పడీదిరా. మిట్టమద్దేనం కూడా పడీది."

మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ చెట్టు మొదట్లోనే ఉంటుంది. ఆ మాట నాకు తట్టింది. తట్టినదాన్ని అక్కడే వదిలేశాను.

నాన్న వెనక్కి తిరగకుండా నాతో అన్నాడు. "నీడకేటుందిరా. పొద్దుని బట్టి తిరుగుతాది. సున్నం సమంగా పొయ్యి."

సమంగా పోశాను.

డ్రోను ఎగరడానికి ముందు రోజు సాయంత్రం వాన పడింది. వేసవి వాన, గట్టిగా కొట్టి వెళ్ళిపోయింది. తెల్లారి ఎండ వచ్చింది. సున్నం కొట్టుకుపోయిన చోట్ల అందరం లగెత్తి మళ్ళీ పోసుకున్నాం. రామతీర్థం కొండ కడిగినట్టు దగ్గరగా కనిపిస్తోంది.

గ్రామ సర్వేయరు ఝాన్సీ మాకు అప్పటికే అలవాటైన పిల్ల. స్కూటీ మీద వచ్చి, గట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది. డ్రోను తెచ్చిన కుర్రాళ్ళు దాన్ని కళ్ళంలో పెట్టి ఎగరేస్తే, ఊరు ఊరంతా చేతులు అడ్డం పెట్టుకుని పైకి చూసింది. కందిరీగలా మోత పెడుతూ అది పొలాల మీద దుక్కి దున్నినట్టు వెళ్ళి తిరిగొస్తోంది, వెళ్ళి తిరిగొస్తోంది.

"అమ్మా ఝాన్సీ," అన్నాడు సోములు బావ. "సందమామనీ అంగారకుణ్ణీ కూడా ఇలగే పైనుంచి కొలుస్తన్నారట గదా. అక్కడెవులి గట్లున్నాయని?"

"గట్ల కోసం కాదు బాబాయ్. అంగారకుడి మీద ఎప్పుడో ఏర్లు పారినాయట. కింద నిలబడితే ఉత్త రాళ్ళూ ఇసకే. పైనుంచి తీసిన ఫొటోల్లో చూస్తే ఏరు ఎటు తిరిగిందో, ఎక్కడ ఆగిందో అంతా అగుపిస్తాది. నీళ్ళు ఎప్పుడో ఎండిపోయినా జాడ పోదు."

"అయితే మా మావనీ అక్కడికి అట్టుకెల్లండి. గునపంతో తవ్వి, ఏరు ఎవులి వాటాలో ఉన్నాదో తేల్చీస్తాడు."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆయన బయట మనుషుల మధ్య నవ్వడం అదే చివరిసారి.

ఫొటో వచ్చిందని కబురొస్తే సచివాలయానికి వెళ్ళాం. బల్ల నిండా పరిచిన పెద్ద కాగితం మీద మా ఊరు ఉంది. పైనుంచి చూస్తే ఊరు చిన్నగా, శుభ్రంగా, ఎవరి ఊరో అన్నట్టుంది. కాసేపటికి ఒక్కొక్కరూ తమ కళ్ళం, తమ గడ్డిమేటు, తమ ఇంటిమీద ఆరేసిన దుప్పటి పోల్చుకున్నారు. పిల్లల్లా ఒకరినొకరు తోసుకుంటూ వేళ్ళు పెట్టి చూపించుకున్నారు.

ఝాన్సీ ఒక్కో పొలం దగ్గరా పెన్సిలు ఆపి, అటువాళ్ళనీ ఇటువాళ్ళనీ పిలిచి, "ఈ తెల్లగీత మీ ఇద్దరికీ సమ్మతమేనా?" అని అడుగుతోంది. ఇద్దరూ ఊఁ అంటే ముందుకు వెళ్తోంది. మా పొలం వచ్చింది. నాన్నని పిలిచింది, పిన్నిని పిలిచింది. పెన్సిలు పెట్టబోయి ఆగింది.

"తాతగారూ, ఇదేటి?"

మేం పోసిన తెల్లగీతకి ఇవతల, మా చెక్కలో, తాటిచెట్టు మొదలు నుంచి పొలం చివర పారే గెడ్డ దాకా నల్లటి చార ఒకటి తిన్నగా ఉంది. చుట్టూ ఎర్రమట్టి ఆరి తేటపడింది. ఆ చార మాత్రం ఇంకా తడిగా ఉన్నట్టుంది. అంత తిన్నగా నీళ్ళు పారవు. అది మనిషి వేసిన గీత. చెరువులోంచి బండ్ల మీద తెచ్చిన రేగడి వేసి గట్టు కట్టారని నా చిన్నప్పుడు విన్నాను. పైన గట్టు కొట్టేసినా, అడుగున రేగడి ఎక్కడికీ పోలేదు. వాన తడిని పట్టుకుని కూర్చుంది. రోజూ ఆ మట్టి తొక్కుతూ తిరిగిన మాకెవరికీ కనపడనిది, పైనుంచి చూసిన దానికి కనపడింది.

"పాత కాలవ," అన్నాడు నాన్న.

వెంటనే అన్నాడు. ఆలోచించి అని ఉంటే నాకు కాస్త నయంగా ఉండేదేమో.

తాటిచెట్టు దగ్గర మెరక. గెడ్డ పల్లంలో ఉంది. గెడ్డలోంచి నీళ్ళు ఎగువకి ఎక్కి రావనీ, చెట్టు వైపు నుంచి పారడానికి అక్కడ నీళ్ళే లేవనీ బల్ల చుట్టూ ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఒకడు ఫ్యాను వైపు చూశాడు. సోములు బావ కాగితం మీద తన ఇల్లు మళ్ళీ వెతుక్కోసాగాడు.

"కాలవైతే సరేనండి," అంది ఝాన్సీ, పిన్ని వైపు తిరిగి. "మరి మీకు ఈ తెల్లగీత సమ్మతమేనా పిన్నిగారూ? ఒక్కసారి ఊఁ అంటే ఇంక మారదు. ఆలోసించుకోండి."

పిన్ని కాగితం మీదికి వంగింది. నల్లచార మీద వేలు పెట్టి, గెడ్డ నుంచి తాటిచెట్టు దాకా మెల్లగా జరుపుకుంటూ వెళ్ళింది. చెట్టు నీడ మీద వేలు ఆగింది.

"తవ్వండి," అంది.

అది ఝాన్సీతో అనలేదు. నాతో అనలేదు. నాన్న వైపు చూసి అనలేదు గానీ, ఆ మాట ఎవరికో అందరికీ తెలుసు. నాన్న తుండు భుజాన సర్దుకున్నాడు.

"రేపు పొద్దున్నే," అన్నాడు.

తెల్లారి మేం వెళ్ళేసరికి గట్టు మీద మనుషులున్నారు. పిలవకుండానే వచ్చారు. పిలవకుండానే రావడం కూడా నాన్న పెట్టిన అలవాటే. చాటుగా తవ్వితే తగువు మళ్ళీ లేస్తుందనేవాడు.

నాన్న తాటిచెట్టు దగ్గర నిలబడి గునపం నా చేతికిచ్చాడు. ఎక్కడ తవ్వాలో చూపించలేదు. కొండ వైపు తిరిగి నిలబడ్డాడు.

వాన తడికి నేల మెత్తగానే దిగింది. ముందు ఎర్రమన్ను, తర్వాత రేగడి. పారతో తోడిపోస్తున్నాను. బొగ్గులు తగిలే లోతు నాకు తెలుసు, ఎన్ని తగువుల్లో తవ్వలేదు. అక్కడిదాకా ఏమీ రాలేదు. ఏమీ లేకపోతే బాగుండునని నా ఒళ్ళంతా కోరుకుంటోంది. చేతులు మాత్రం తవ్వుతున్నాయి.

"సాల్లే సినబాబూ," అన్నాడు గట్టు మీంచి ఎవరో, జాలిగా. "లేనట్టుంది."

"ఇంకొంచెం," అన్నాడు నాన్న. కొండ వైపు చూస్తూనే అన్నాడు.

తర్వాతి పోటుకి గునపం కొసన నలుపు అంటుకొచ్చింది. వంగి చేత్తో మన్ను తీశాను. ముక్కలు ముక్కలుగా, కడిగినట్టు మెరుస్తూ ఉన్నాయి. వాటిలో సగం మా అమ్మ పొయ్యివి, సగం పిన్ని కొత్తకాపురం పొయ్యివి. గోతిలో అలాగే వంగి ఉండిపోయాను. లేస్తే ఎవరి మొహం చూడాలో తెలియలేదు.

"ఏటి?" అన్నాడు నాన్న.

గుప్పెడు తీసుకుని లేచాను. ఓడినవాడి చేతిలో పెట్టాలి. పెట్టేది ఎప్పుడూ ఆయనే. ఇప్పుడెవరు పెట్టాలో ఏ కట్టుబాటులోనూ లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. నాన్న నా వైపు తిరిగి, కుడిచెయ్యి చాపాడు. సున్నంతో పగిలిన అరచెయ్యి. అందులో పెట్టాను.

ఆయన అనే మాట కోసం మేమంతా ఎదురు చూశాం. నాన్న గుప్పిట మూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, పళ్ళు తోముకోమని ఎవరూ అనలేదు. అని ఉంటే బతికిపోయేవాళ్ళం. సోములు బావ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటూ అందరికంటే ముందు గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఒకరి తర్వాత ఒకరు, ఏదో పనున్నట్టు, అందరూ కదిలారు.

పిన్ని ఉండిపోయింది. నాన్న మొట్టమొదటిసారి నేరుగా ఆమె వైపు చూశాడు.

"తమ్ముడు పోయినాక ఆ సెక్కలో నన్ను ఆగమనీవోడు లేకపోనాడమ్మా," అన్నాడు.

పిన్ని నా వైపు తిరిగింది. "సినబాబూ, ఎండెక్కుతున్నాది. మీ నాన్నని ఇంటికి అట్టుకెల్లు," అంది.

నాన్న రాలేదు. సున్నం తెమ్మన్నాడు. తాటిచెట్టు నుంచి గెడ్డ దాకా, వంగిన నడుము ఎత్తకుండా, తెల్లగీత తనే పోశాడు. తాడు పట్టుకోవడానికి కూడా నన్ను రానివ్వలేదు. అయినా గీత ఎక్కడా వంకరపోలేదు.

ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. అది చాలా కష్టంగా ఉండేది.

"కుళాయి కాడ నన్ను సూడగానే బిందెలు పక్కకి లాగీస్తన్నారు," అంది మా ఆవిడ పద్మకుమారి ఒకరోజు, ఖాళీ బిందె గుమ్మంలో దించి. "ముందు నువ్వు పట్టుకో వదినా, ముందు నువ్వు పట్టుకో అని. ఎప్పుడైనా ఇంత మర్యాద సేసినారా నాకు? ఒక్కదైనా దెబ్బలాడితే బాగుణ్ణు. నీల్లు పట్టకుండా వచ్చీసినాను."

ఇంకా కొన్ని గట్లు తేలకుండా ఉన్నాయి. తగువుపడ్డవాళ్ళు మా వీధిలోంచే వెళ్ళాలి. మా ఇంటి ముందుకొచ్చేసరికి గొంతులు తగ్గించుకునేవారు, దాటాక మళ్ళీ పెంచేవారు. నాన్న వసారాలో గోడ వైపు తిరిగి పడుకుని వినేవాడు. ఒకసారి పాత అలవాటుకొద్దీ ఎవరో "జగన్నాధం బాబున్నాడా?" అని గుమ్మంలోకి వచ్చేశారు. "లేడని సెప్పు" అన్నాడు నాన్న నాతో, వాళ్ళకి వినపడేలాగే. వాళ్ళు కూడా ఆయన్ని చూస్తూనే "సరే, వచ్చినాక సెప్పు" అని వెళ్ళిపోయారు.

నేను ఆయన్ని ఏమీ అడగలేదు. ఏమని అడుగుతాను? కలిపేసుకున్న ఆ మడి గింజలు నేనూ తిన్నాను. పిన్ని చెక్కలో ధాన్యం తక్కువ పడుతుంటే, ఒంటరిదానికి సేద్యం ఎక్కడ చేతనవుతుందిలే అని ఆమె వినేలాగే అన్నవాళ్ళలో మా ఇంటివాళ్ళమూ ఉన్నాం.

పిన్ని మాత్రం మునుపటిలాగే వచ్చేది. పనసకాయ కోస్తే సగం తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేది. మా ఆవిడ దాన్ని వండేది. మేం తినేవాళ్ళం.

ఏరువాక దగ్గరపడ్డాక రాళ్ళొచ్చాయి. ట్రాక్టరు మీంచి కొత్తరాయి మా తాటిచెట్టు దగ్గర దించారు. ఝాన్సీ తన యంత్రం గోతి మీద నిలబెట్టి, అది కూత పెట్టేదాకా చూసి, "సరిగ్గా ఇక్కడే. పాతీండి" అంది.

నాన్న వచ్చి నిలబడి ఉన్నాడు. అన్నాళ్ళకి పొలంలోకి రావడం అదే మొదటిసారి. గడ్డం మాసి ఉంది.

"బొగ్గులెయ్యాల," అన్నాడు.

"అక్కర్లేదు తాతగారూ. ఈ రాయి ఎవరైనా పీకినా, పైన ఉపగ్రహాల లెక్కలో దీని సోటు ఉంటాది. మళ్ళీ వచ్చి వేలెడు తేడా లేకుండా ఇక్కడే పాతీగలం."

"అది మీకమ్మా. మాకు మాదొకటుండాల," అని నా వైపు తిరిగాడు. "ఇంటికెల్లి బొగ్గులు అట్టుకురా. బేగి."

ఇంటికి వెళ్ళాను. పద్మకుమారి గ్యాసు పొయ్యి మీద కూర దించుతోంది.

"బొగ్గులా?" అంది. "మనింట్లో బొగ్గులెక్కడివి? కట్టెల పొయ్యి పగలగొట్టించి అక్కడ గ్యాసు పొయ్యి పెట్టించింది నువ్వు కాదేటి?"

వీధిలోకి వచ్చి నిలబడ్డాను. అన్ని ఇళ్ళ మీదా చూశాను. పొగ ఒక్క ఇంటి మీంచే లేస్తోంది.

పిన్ని పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమె సిలిండరు మూల పడి ఉంది, దాని మీద బట్టలు మడతపెట్టి ఉన్నాయి. గుమ్మం పక్కన చిన్న డబ్బాలో ఆమె వాటా బొగ్గులు అప్పటికే తీసి పెట్టుకుంది. రాయి పాతే వేళకి తెద్దామనుకుంది గాబోలు.

"రాయి దించినారేటి?" అంది.

"దించినారు పిన్నీ."

గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె నా ఖాళీ చేతుల వైపు చూసింది. ఎందుకొచ్చానో అర్థమైనట్టుంది. పొయ్యిలోంచి మండుతున్న కట్టె ఒకటి లాగి, నేలకేసి కొట్టి, నిప్పుల మీద చెంబుతో నీళ్ళు చిలకరించింది. బుస్సుమని బూడిద లేచింది. నల్లబడ్డవాటిని ఏరి మూకుట్లో వేసి నా ముందుకి తోసింది.

"సల్లారనీరా. సెయ్యి కాలతాది," అంది.

నేను ఆగలేదు. ఆమె డబ్బా ఆమె పట్టుకుంది, మూకుడు నేను పట్టుకున్నాను. ఇద్దరం ముందూ వెనకా నడిచి వెళ్ళాం.

పిన్ని తన బొగ్గులు గోతిలో వేసి పక్కకి జరిగింది. నాన్న మూకుడు కోసం చెయ్యి చాపి, అందులోకి చూశాడు.

"మనింటివేనా?" అన్నాడు.

"కాదు. పిన్ని ఇచ్చింది."

నాన్న చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంది. తర్వాత దాన్ని మెల్లగా పంచెకి తుడుచుకున్నాడు.

"నువ్వెయ్యి," అన్నాడు.

ఇంటిపెద్ద వేయాల్సినవి. గోతి దగ్గర కూర్చుని నా చేత్తో వేశాను. ఇంకా చల్లారలేదు.